పది కుటుంబాలు కలిసి ఇళ్ళు కట్టుకోవాలంటే స్థలం కంటే ముందు తేల్చుకోవలసిన సంగతి

మీరు అడిగింది ఇది. కాకినాడలో ఉద్యోగాలు చేసుకుంటున్న పది కుటుంబాలు మీరు. ఏళ్ళ తరబడి అద్దె ఇళ్ళలో ఉన్నారు, ఫ్లాటు ధర ఎవరి జీతానికీ అందడం లేదు. అందరూ కలిసి స్థలం కొని, బిల్డరు లేకుండా మీ ఇళ్ళు మీరే కట్టించుకుని, కొన్ని వసతులు ఉమ్మడిగా వాడుకోవాలని ఆలోచన. దీన్నే విదేశాల్లో కోహౌసింగ్ అంటారని విన్నారు. ఇది ఇక్కడ అవుతుందా, ఖర్చు నిజంగా తగ్గుతుందా, మీలో ఒకరికి తండ్రి తరఫున వచ్చిన ఇరవై సెంట్ల స్థలం వాడుకోవచ్చా అన్నవి మీ మూడు సందేహాలు.

అవుతుందమ్మా. మేము పన్నెండు కుటుంబాలం అలాగే కట్టుకుని పదకొండేళ్ళుగా అందులోనే ఉంటున్నాం. ఖర్చు కూడా తగ్గుతుంది. అప్పట్లో మా వీధిలోనే అమ్ముతున్న ఫ్లాట్లతో పోలిస్తే మాకు సుమారు ఐదో వంతు తక్కువ పడింది. అయితే స్థలం కోసం ఒక్క రూపాయి వసూలు చేయకముందే, మధ్యలో తప్పుకునే కుటుంబానికి ఎంత ఇస్తారో, ఎప్పటిలోగా ఇస్తారో రాసుకుని అందరూ సంతకాలు పెట్టాలి. నేను చూసిన ఉమ్మడి ప్రయత్నాల్లో ఎక్కువ భాగం డబ్బు చాలక ఆగిపోలేదు. ఒకరు వెళ్ళిపోతామన్న రోజున ఏం చేయాలో ముందుగా అనుకోకపోవడం వల్ల ఆగిపోయాయి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా గోదావరి జిల్లాల్లో కట్టడాల పనులు చూసిన ఇంజనీరును. మా సొంత ఇంటి పని మొదటి నుంచి చివరి దాకా నేనే చూసుకున్నాను. అంత అనుభవం ఉండి కూడా ఆ కాగితం మేము రాసుకోలేదు. అందరం తెలిసినవాళ్ళం, రాసుకోవడమంటే నమ్మకం లేనట్టుగా ఉంటుందని ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

స్థలం కొన్న తొమ్మిదో నెలలో మాలో ఒకాయన కూతురి చదువుకు పెద్ద మొత్తం కట్టవలసి వచ్చింది. ఒక ఆదివారం సైటులో సమావేశానికి వచ్చి, సిమెంటు బస్తాల మీద కప్పిన టార్పాలిన్ మీద ఒక కాగితం పెట్టారు. తాను తప్పుకుంటానని, తన వాటాకు ఆనాటి ధర కట్టి ఇవ్వమని అందులో రాసి ఉంది. అప్పటికి ఆ చుట్టుపక్కల గజం ధర కొన్న రోజుతో పోలిస్తే సగం పెరిగింది. ఆయన అడిగింది అన్యాయమని నేను ఇప్పటికీ అనను. స్థలం విలువ పెరిగినప్పుడు తన వాటా విలువ కూడా పెరిగిందని ఆయన లెక్క. పునాదుల్లో ఉన్న ఇంటికి పెరిగిన ధర ఇవ్వాలంటే మిగిలిన వాళ్ళు మళ్ళీ అప్పు చేయాలని మా లెక్క. నాలుగు నెలలు గడిచినా తెగలేదు. రెండు కుటుంబాలు మాటలు మానేశాయి, ఎవరూ వాయిదా కట్టలేదు. స్తంభాల కోసం పైకి వదిలిన చువ్వలు ఆ వానాకాలమంతా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. పని మళ్ళీ మొదలైన రోజు మేస్త్రి ఇనుప బ్రష్షుతో ఆ చువ్వలు రుద్దుతుంటే ఎర్రటి పొర పెచ్చులుగా రాలి తడి మట్టి మీద పడింది. కొన్ని కోసేసి కొత్తవి అతకవలసి వచ్చింది.

చివరకు ఆయన కట్టిన అసలు, దానికి బ్యాంకు డిపాజిట్ వడ్డీ కలిపి ఆరు నెలల్లో రెండు దఫాలుగా ఇచ్చాం. ఈ సూత్రాన్ని మొదటి రోజే ఒక పేజీలో రాసుకుని ఉంటే మాకు ఒక వానాకాలం మిగిలేది, ఒక స్నేహం కూడా మిగిలేది. మీరు రాసుకునే కాగితంలో మూడు సందర్భాలు విడివిడిగా ఉండాలి: స్థలం కొన్నాక పని మొదలుపెట్టకముందు వెళ్ళడం, పని మధ్యలో వెళ్ళడం, గృహప్రవేశం తర్వాత అమ్ముకుని వెళ్ళడం. మొదటి రెండింటికీ మేము పాటించిన సూత్రం సరిపోతుంది. వాయిదాలు కట్టలేక ఆగిపోయిన కుటుంబానికి, సభ్యుడు చనిపోతే వారసులకు కూడా అదే వర్తిస్తుందని రాయండి. మూడోది కష్టం, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

హక్కు ఎవరి పేరున ఉండాలి? రెండు దారులు ఉన్నాయి. 1964 నాటి సహకార సంఘాల చట్టం కిందో, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కిందో సంఘం పెట్టుకుని స్థలం, భవనం సంఘం పేరునే ఉంచుకోవడం ఒకటి. స్థలంలో ఒక్కొక్కరికీ అవిభాజ్య వాటా, అంటే హద్దులు వేసి విడగొట్టని వాటా, రాయించుకుని, ఎవరి ఫ్లాటు వారి పేరున పెట్టుకోవడం రెండోది. ఇంటి రుణం సులువుగా దొరికేది రెండో దారిలో. సంఘం పేరున ఉన్న ఆస్తి మీద సభ్యుడికి విడిగా రుణం ఇవ్వడానికి మన వైపు బ్యాంకులు వెనకాడతాయి. మాలో తొమ్మిది కుటుంబాలు రుణం మీదే ఆధారపడ్డాయి కాబట్టి మేము రెండో దారినే వెళ్ళాం.

దాని ఫలితం చెబుతాను. అమ్మదలచినవారు ముందుగా మిగిలిన సభ్యులకు చెప్పాలని, తొంభై రోజుల్లోగా వాళ్ళు గానీ వాళ్ళు చూపించిన కుటుంబం గానీ కొనుక్కోవచ్చని, కొన్న ఖర్చుకు ఏటా కొంత కలిపి ధర కట్టాలని ఒప్పందం రాసుకున్నాం. ఇప్పటికి రెండు ఫ్లాట్లు చేతులు మారాయి. మొదటి కుటుంబం ఒప్పందం ప్రకారం ఒక నర్సు కుటుంబానికి ఇచ్చింది. రెండో కుటుంబం మాకు చెప్పకుండా బయట దొరికిన ధరకు అమ్ముకుంది. మా దగ్గర ఉన్నది మాలో మేము రాసుకున్న ఒప్పందం మాత్రమే. దాని గురించి తెలియదనే కొత్త యజమాని మీద దాన్ని నిలబెట్టడం కష్టమని న్యాయవాది చెప్పారు. అలా ఒక ఫ్లాటు మా చేయి జారింది. మనలాంటి జీతగాళ్ళకు ఆ ధరలో మళ్ళీ అది దొరకదు. నాకు ఇప్పటికీ బాధగా ఉన్న విషయం ఇదే.

“అసలు అమ్మనే కూడదు” అని రాసుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. అది చెల్లదు. కొన్నవారికి అమ్ముకునే హక్కును పూర్తిగా తీసేసే షరతు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని పదో సెక్షను ప్రకారం చెల్లని షరతు. ముందుగా కొనే హక్కు మీకు ఉంచుకోవచ్చు, అమ్మకాన్ని పూర్తిగా ఆపలేరు. అందుకే మీలో రుణం అవసరం లేనివారు ఎక్కువగా ఉన్నా, సంఘానికే రుణం ఇచ్చే సంస్థ దొరికినా మొదటి దారిలో వెళ్ళమంటాను.

మొదటి దారి బాగా నడిచిన చోట్లు ఉన్నాయి. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో లైలాక్ అనే ఇరవై ఇళ్ళ సముదాయం 2013లో పూర్తయింది. అక్కడ ఇళ్ళన్నీ సంఘానివే. సభ్యులు తమ చేతికి వచ్చే ఆదాయంలో 35 శాతం సంఘానికి కడతారు, వెళ్ళేటప్పుడు తమ వాటా మేరకు తీసుకుంటారు, ఇల్లు మాత్రం సంఘం దగ్గరే ఉంటుంది. అమెరికాలో భూమిని ఒక ట్రస్టు పేరున శాశ్వతంగా ఉంచి, పైన కట్టిన ఇళ్ళను మాత్రమే కుటుంబాలకు ఇచ్చే పద్ధతి ఉంది. 1969లో జార్జియాలో నల్లజాతి రైతుల కోసం దాన్ని మొదలుపెట్టినవారికి ప్రేరణ ఇచ్చిన వాటిలో వినోబా భావే గ్రామదానం ఒకటి. ఆ గ్రామదానానికి మూలమైన భూదానం 1951లో పోచంపల్లిలో పుట్టింది. మన నేల మీద మొదలైన ఆలోచన అంత దూరం వెళ్ళి ఇళ్ళకు కూడా ఉపయోగపడిందని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది.

ఇక ఖర్చు సంగతి. మిగిలేది ప్రధానంగా రెండు చోట్ల. బిల్డరు లాభం, అమ్మకాల ఖర్చు, అతను తెచ్చిన అప్పు మీద వడ్డీ మీకు ఉండవు. ఇది అందరూ ఊహించేదే. రెండోది ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: ఉమ్మడిగా వాడుకునేది ఉంటే ఎవరి ఇల్లు వారు చిన్నగా కట్టుకోవచ్చు. మన ఇళ్ళలో మూడో పడకగది దేనికి కడతామో ఆలోచించండి. చుట్టాలు వస్తే ఉండాలని. ఏడాదిలో ఎన్ని రోజులు వస్తారు? మేము పన్నెండు ఇళ్ళకూ కలిపి కింది అంతస్తులో రెండు అతిథి గదులు, పైన ఒక పెద్ద హాలు కట్టుకుని ఫ్లాట్లన్నీ రెండు పడకగదులతో సరిపెట్టుకున్నాం. ఒక్కో ఇంటికి ఒక గది కట్టడపు ఖర్చు తగ్గింది. సీమంతాలు, పుట్టినరోజులు, పెద్దవాళ్ళ సంవత్సరీకాలు అన్నీ హాలులోనే. చిక్కల్లా సంక్రాంతికే. గోదావరి జిల్లాల్లో పండగకు అందరి అల్లుళ్ళూ ఒకే రోజు దిగుతారు. మొదటి ఏడాది ఆ రెండు గదుల కోసం మనస్తాపాలు వచ్చాయి. ఇప్పుడు ధనుర్మాసం మొదట్లోనే చీటీలు వేస్తాం. గదులు రానివారి బంధువులకు హాలులో పరుపులు వేస్తాం. పిల్లలు మాత్రం గదులు వచ్చినా హాలులోనే పడుకుంటామంటారు.

డెన్మార్కులో 1972లో కట్టిన సెట్టెడామెన్‌ను కోహౌసింగ్‌కు మొదటి ఉదాహరణగా చెబుతారు. అక్కడ ఇరవై ఏడు కుటుంబాలు ఉమ్మడి వంటగదిలో కలిసి వండుకుని తినేవారు. అది చదివి మాలో కొందరు ఉమ్మడి వంటగది కావాలన్నారు. నేను వద్దన్నాను. ఒకరింట్లో చేప లేనిదే ముద్ద దిగదు, పక్కింటి పెద్దావిడ వెల్లుల్లి కూడా తినరు. కార్తీక వనభోజనాలకూ, వినాయక చవితికీ డాబా మీద రేకుల షెడ్డు కింద పెద్ద పొయ్యి వెలిగిస్తాం. మాకు అది చాలింది. మీ పది కుటుంబాల తీరు మీకే తెలుస్తుంది.

తగ్గనివి కూడా చెప్పాలి. స్థలం కొన్నప్పుడు స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం దాకా అవుతుంది. ప్లాను అనుమతులు, ఆర్కిటెక్టు, రోజూ సైటు చూసే మనిషి జీతం అన్నీ మీ నెత్తినే పడతాయి. పద్ధెనిమిది నెలల్లో పూర్తవుతుందనుకున్న మా పనికి మూడున్నరేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ అద్దెలు కట్టాం, రుణాల వడ్డీ కట్టాం. మీ లెక్కలో కనీసం రెండింతల కాలం వేసుకోండి.

రెరా, అంటే స్థిరాస్తి ప్రాజెక్టులను నమోదు చేయించి అదుపులో ఉంచే చట్టం, దాని సంగతి చాలామందికి తెలియదు. “మాకు మేమే కట్టుకుంటున్నాం, మాకు రెరా ఎందుకు” అంటారు. 2016 చట్టంలో ప్రమోటరు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తన సభ్యుల కోసం కట్టే గృహనిర్మాణ సహకార సంఘం కూడా ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా నమోదు నుంచి మినహాయింపు ఉంటుంది. మీరు చెప్పిన ఇరవై సెంట్లు అంటే 968 గజాలు, దాదాపు 810 చదరపు మీటర్లు. ఇళ్ళు పది. రెండు లెక్కల్లోనూ మీరు గీత దాటారు. సంఘంగా కడితే నమోదు చేయించుకోవాలనే అనుకోండి. విడివిడి వాటాలతో కట్టుకుంటే ఎలా వర్తిస్తుందో న్యాయవాదిని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పుడు నేల, నీళ్ళు. నా వృత్తి ఇదే కాబట్టి గట్టిగా చెబుతున్నాను. డెల్టాలో స్థలాన్ని ఎండాకాలంలో చూసి కొనకండి. భాద్రపదంలో ఒక వాన పడిన మర్నాడు వెళ్ళి చూడండి. నీళ్ళు ఎటు పోతున్నాయో, అసలు పోతున్నాయో లేదో, దగ్గర్లో మురుగు కాలువ ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది. పక్క ఇంటి గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో కొలవండి. ప్లింతు, అంటే ఇంటి లోపలి నేల మట్టం, ఆ చార కంటే, రోడ్డు కంటే కనీసం మూడు అడుగులు పైన ఉండాలి. ఎందుకంటే రోడ్డు వేసిన ప్రతిసారీ అరడుగు లేస్తుంది. నేను ఇరవై ఏళ్ళ క్రితం రోడ్డు కంటే రెండడుగుల ఎత్తున కట్టించిన ఇళ్ళలోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్ళాల్సి వస్తోంది.

మీరు కొనబోయేది పూడ్చిన రొయ్యల చెరువో, చేపల చెరువో కాదని ఊరి పెద్దలను అడిగి తెలుసుకోండి. పైన గ్రావెల్ పోసి రాళ్ళు పాతితే చూడటానికి లేఅవుటులాగే ఉంటుంది. లోపల మెత్తని ఒండ్రు, దానిలో ఉప్పు. మట్టి పరీక్షతో పాటు నేలలోనూ నీటిలోనూ చువ్వలను తుప్పు పట్టించే క్లోరైడు ఎంత ఉందో కూడా చూపించుకోండి. మన నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళిస్తుంది. మామూలు పునాది దాని మీద నిలవదు. అందుకే అడుగున ఉబ్బు ఉండే పైల్ పునాదులు వేస్తారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే వాటిని రూపొందించింది. నీరు పైపైనే ఉన్న చోట గుంత గోడలు కూలిపోకుండా వేయడం తెలిసినవారికే ఆ పని అప్పగించండి. సముద్రానికి దగ్గరగా కడుతుంటే చువ్వకు బయట కాంక్రీటు 45 మిల్లీమీటర్ల మందం ఉండాలి. మన వైపు చాలా సైట్లలో అంగుళం కూడా ఉండదు. పదేళ్ళకు స్తంభాలు పగిలి చువ్వలు బయటపడేది అందుకే. పోత పోసే ముందు రోజు మీలో ఎవరో ఒకరు వెళ్ళి చువ్వకు ఆ ఎడం ఉండేలా పెట్టే కవర్ బ్లాకులు స్కేలుతో కొలిచి చూడండి. దానికి ఇంజనీరు అక్కర్లేదు.

ఉమ్మడి హాలును పై అంతస్తులో, గట్టి స్లాబు కింద కట్టమని చెప్పడానికి నాకు ఒక కారణం ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నేను కోనసీమలో ఉన్నాను. పెంకుటిళ్ళ కప్పులు లేచిపోతుంటే వీధిలో ఉన్న ఒక్క డాబా ఇంట్లో నలభై మందికి పైగా నిలబడి తెల్లవార్చాం. కులం, మతం, పాత తగాదా ఏదీ ఆ రాత్రి ఎవరూ అడగలేదు. మా హాలు ప్లాను గీసేటప్పుడు ఆ గదే నా కళ్ళ ముందు ఉంది. ఇప్పటికీ తుపాను హెచ్చరిక వస్తే చుట్టుపక్కల పాకల్లో ఉన్నవారికి దాన్ని తెరుస్తాం.

కులం మాట వచ్చింది కాబట్టి దాచకుండా చెబుతాను. మన ప్రాంతంలో ఇలాంటి బృందాలు ఎక్కువగా ఒకే కులం వారితో ఏర్పడతాయి. ఒకే సమాజం వారికే సభ్యత్వమని సంఘం నియమం పెట్టుకోవడాన్ని సుప్రీంకోర్టు 2005లో ఒక పార్శీ సొసైటీ కేసులో సమర్థించింది కూడా. నా అభిప్రాయం మాత్రం వేరు. ఇంటి కోసం వేచి ఉండే జాబితాలో కులం అడగకూడదని మేము మొదటి తీర్మానంలోనే రాసుకున్నాం. తీర్మానాల పుస్తకం పెట్టించినది మాలో ఒకామె. ఆమె చాలా ఏళ్ళు డ్వాక్రా సంఘం నడిపారు. నెలకోసారి సమావేశం, హాజరైనవారి సంతకాలు, ఖర్చుల లెక్క పైకి చదవడం, ఇద్దరు సంతకం పెడితేనే బ్యాంకు నుంచి డబ్బు తీయడం ఆమె నేర్పిన పద్ధతులే. మా ఇంజనీర్లం, మేష్టర్లం ఎవరికీ అవి తోచలేదు.

ఇది ఎవరికి సరిపోదో కూడా తెలుసుకోండి. నెలనెలా వాయిదా కట్టగల జీతం ఉన్నవారికే నేను చెప్పిన పద్ధతి. కూలి చేసుకునేవారికి ఇది అందదు. వారి కోసం వేరే నమూనా ఉంది. ఉరుగ్వేలో 1968లో వచ్చిన గృహ చట్టం కింద పేద కుటుంబాలు సహకార సంఘంగా చేరి, ప్రభుత్వ రుణంతో, ఒక్కో కుటుంబం వారానికి ఇరవై ఒక్క గంటలు సొంతంగా పనిచేసి ఇళ్ళు కట్టుకుంటాయి. మన దగ్గర పేదలకు సెంటు, సెంటున్నర స్థలాలు ఇచ్చిన చోట మహిళా సంఘాలు ఇలా కలిసి కట్టుకుంటే బాగుంటుందని నా ఆశ. అలాంటి ప్రయత్నం ఎవరు మొదలుపెట్టినా పునాది పని నేను ఉచితంగా చూసిపెడతాను.

ఇక మీ మూడో సందేహం, ఆ ఇరవై సెంట్లు. వాడుకోవచ్చు, కానీ ఆ స్థలం ఉన్నాయన పేరునే ఉంచి నమ్మకం మీద కట్టడం మాత్రం వద్దు. భీమవరం దగ్గర ఇలాగే ఎనిమిది కుటుంబాలు డబ్బు పోగేసి స్థలం ఒకాయన పేరున కొన్నాయి. ప్లాను గీసింది నేనే. ఆయన మంచి మనిషి. రెండో ఏడు గుండెపోటుతో పోయారు. కొడుకులకు ఆ ఒప్పందం సంగతే తెలియదు. చివరకు స్థలం అమ్ముడుపోయింది. కొందరికి ఏళ్ళ తర్వాత అసలు మాత్రం వచ్చింది, ఇద్దరికి అదీ పూర్తిగా రాలేదు. కాబట్టి ముందు ధర కట్టి, పదిమంది పేరునో సంఘం పేరునో రిజిస్ట్రేషన్ చేయించండి. మీలో స్థలం ఇచ్చే ఆయన కట్టవలసిన వాటాను ఆ ధరలో తగ్గించుకోండి.

దానికి ముందు ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఈసీ తీయండి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు, న్యాయవాదికి చూపించండి, స్థలం రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఏ నిషేధిత జాబితాలో లేదని, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి కాదని రూఢి చేసుకోండి. పంట భూమి అయితే ఇళ్ళు కట్టడానికి ఇప్పుడు ఏ అనుమతి కావాలో కనుక్కోండి, ప్లాను అనుమతికి సరిపడే వెడల్పున్న రోడ్డు ఉందో లేదో చూడండి. తండ్రి తరఫున వచ్చిందన్నారు కాబట్టి ఆయన అక్కచెల్లెళ్ళ సంగతి అడగండి. పిత్రార్జితంలో కూతుళ్ళకు సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచే మొదలైంది. 2005 కేంద్ర సవరణ తర్వాత అంతకు ముందే పెళ్ళైనవారికి కూడా వర్తిస్తుంది. నోటిమాటగా “నాకేమీ వద్దు” అన్న చెల్లెలు కూడా రిజిస్టర్డ్ దస్తావేజు మీద సంతకం పెట్టాలి. ఎవరైనా విదేశాల్లో ఉంటే అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ తెప్పించుకోవచ్చు. ఆ సంతకాలన్నీ చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి.